స్తంభం ఎక్కే ముందు కేక

నాకు టెలిఫోన్ మెకానిక్‌గా ఉద్యోగం వచ్చేనాటికి మా ఊళ్ళో మొత్తం మూడే ఫోన్లు. పోస్టాఫీసులో ఒకటి, రైసుమిల్లులో ఒకటి, ప్రెసిడెంటుగారింట్లో ఒకటి. తొంభైల మొదట్లో మాట. ట్రైనింగు అయ్యాక హైదరాబాదు పాతబస్తీలో వేశారని కాగితం వస్తే మా నాన్న దాన్ని రెండుసార్లు చదివి, "అక్కడ మన మాట ఎవరికైనా అర్థమవుతుందంటావా?" అని అడిగాడు. నాకూ తెలీదు. అప్పటికి నేను చూసిన పెద్ద ఊరు రాజమండ్రి.

ఉప్పుగూడ స్టేషను దగ్గర ఒక గది తీసుకున్నాను. సైకిలు మీద ఎక్స్చేంజికి పావుగంట. మొదటి రోజు ఎనిమిదింటికల్లా ఫిర్యాదుల కాగితాలు పట్టుకుని బయల్దేరబోతుంటే, నాకు జతగా వేసిన లైన్‌మన్ ఆపాడు.

"యాడికి తమ్మీ? గీ టైంల ఎవ్వరు తలుపు తియ్యరు. పదకొండు కానీ. దా, చాయ్ తాగుదాం."

మావైపు ఎనిమిదింటికి ఆడవాళ్ళ సగం పని అయిపోతుంది. ఇక్కడ వీధి నిద్ర లేచేదే తొమ్మిది తర్వాత. అది నాకు వింతగా తోచింది కానీ, అంతకన్నా ముందు చెవికి తగిలింది 'దా' అన్న మాట. ఆయన నాకన్నా ఇరవై ఏళ్ళు పెద్ద. బహదూర్‌పురాలో ఇల్లు. తల్లిది నల్గొండ వైపు కావడంతో ఇంట్లో ఉర్దూ ఎంత నడిచేదో తెలుగూ అంతే నడిచేది. ఆఫీసులో అందరూ భాయ్ అనేవారు. పరిచయమైన మొదటి నిమిషంలోనే నన్ను నువ్వు అనేశాడు. మా జిల్లాలో కొత్తవాళ్ళని, బండి తోలేవాణ్ణయినా సరే, మీరు అనే అంటాం. నాకు చిన్నతనంగా అనిపించి, నా తప్పేమీ లేదన్నట్టు, ఆయనతో మాట్లాడిన ప్రతి మాటకీ రెండేసి 'అండి'లు తగిలించాను.

రెండు రోజులు చూసి ఆయనే అడిగాడు. "ఏంది తమ్మీ, నా మీద కోపమొచ్చిందా? అండి అండి అని దూరం దూరం మాట్లాడుతున్నవు."

కోపం లేదని, మర్యాద అని చెప్పాను. ఆయన నమ్మినట్టు లేడు. మర్యాదగా ఉంటే దూరం పెట్టినట్టని ఆయన అనుకున్నాడు, చనువుగా ఉంటే తక్కువ చేసినట్టని నేను అనుకున్నాను. ఇద్దరం చాలా రోజులు అలాగే నెట్టుకొచ్చాం.

ఆ వారంలోనే ఒకరోజు చార్మినార్‌కి దక్షిణంగా ఒక సందులోకి వెళ్ళాం. వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. గుమ్మానికి మందంగా పచ్చటి గుడ్డ వేలాడుతోంది. మా ఊళ్ళో వీధి తలుపు తెరిచి ఉంటే రమ్మన్నట్టే. "ఏవండీ" అంటూ అరుగెక్కితే మంచినీళ్ళ చెంబు ఎదురొస్తుంది. గుడ్డ ఈగల కోసం కట్టారనుకున్నాను. భాయ్ ఇంకా సైకిలుకి తాళం వేస్తున్నాడు. నేను "ఏవండీ, ఫోనండీ" అంటూ గుడ్డ పక్కకి తీసి కాలు లోపల పెట్టాను.

లోపల గిన్నె ఏదో కిందపడి దొర్లింది. ఎవరో గబగబా పరిగెత్తిన అడుగుల చప్పుడు. నాకు ఏమీ కనిపించే లోపే భాయ్ నా చొక్కా కాలరు పట్టుకుని వీధిలోకి లాగేశాడు.

"ఇగురం లేదా నీకు?" అన్నాడు.

మావైపు ఇగురంటే కూర. కంగారులో నాకు ఆ మాటే వినపడింది. "లేదండి, పొద్దున్న పప్పే వండుకున్నాను," అన్నాను.

పరదా వెనక నుంచి పక్కున నవ్వు. భాయ్ మాత్రం నవ్వలేదు. "ఇగురమంటే కూర గాదు. తెలివి. ఎట్ల మెలగాల్నో తెలుసుడు," అన్నాడు పళ్ళ మధ్య నుంచి.

"ఎవరు భాయ్, కొత్తోడా? ఏ ఊరాయన?" అంది లోపలి గొంతు. అచ్చమైన తెలుగు. నేను తెల్లబోయాను.

"గోదావరి దిక్కు నుంచి వచ్చిండు ఆపా. తెల్వక జేసిండు, మాఫ్ జెయ్యి."

"పోనీ తియ్. గాడికెళ్ళి వచ్చినోనికి మన పరదా ఎట్ల తెలుస్తది? జర ఆగుండ్రి, నేను లోపలికి పోతున్న."

ఆ రోజు నేర్చుకున్నది ఇది: గుమ్మానికి వీపు పెట్టి వీధి వైపు చూస్తూ నిలబడాలి. "ఫోన్ వాళ్ళం వచ్చినం" అని కేకెయ్యాలి. లోపల సర్దుకునే దాకా ఆగాలి. రమ్మన్నాక తల దించుకుని ముందుగదిలోకి వెళ్ళి, గోడనీ ఫోన్‌నీ తప్ప దేన్నీ చూడకూడదు. రెండో గుమ్మానికి ఇంకో పరదా ఉంటుంది. అటువైపు నుంచి ఇంటావిడ మాట్లాడుతుంది.

ఆ ఇంటావిడని భాయ్ ఆపా అనేవాడు, అంటే అక్క. ఆమె భర్త పత్తర్‌గట్టిలో ఒక బట్టల దుకాణంలో గుడ్డ కొలిచి కోసే పని చేసేవాడు. పొద్దున వెళ్తే రాత్రికే రాక. ఆ సందులో ముప్ఫై ఇళ్ళకి ఫోన్లు నాలుగు. అందులో జనం వాడుకునేది ఈ ఇంటిదే. ఎవరికి కబురు వచ్చినా ఆమే తీసుకుని, కిటికీ లోంచి కేకేసి పిలిచేది. ఎవరి కూతురు పురిటికి వెళ్ళింది, ఎవరి తమ్ముడికి ఏ ఊళ్ళో పని దొరికింది, అన్నీ ఆమెకి తెలుసు. ఆ లైను పోతే సందంతా మూగబోయేది. అందుకే నెలకి రెండుసార్లయినా ఆ ఇంటికి వెళ్ళేవాళ్ళం.

నేనూ ఆపా అనే పిలవడం మొదలుపెట్టాను. కానీ ఉత్త 'ఆపా' నా నోట రాలేదు. "ఆపాగారండీ" అన్నాను. పరదా వెనక నుంచి, "ఇంకోపారి అను," అంది. మళ్ళీ అన్నాను. ఆమె ఆ మాట లోపల ఇంకెవరికో చెప్పి ఇద్దరూ నవ్వుకున్నారు. పరదా కింద నుంచి చాయ్ కప్పులున్న పళ్ళెం ఇవతలికి జరిగింది.

భాష విషయంలో నన్ను ఎక్కువ తిప్పలు పెట్టిన మాట 'పర్సోం'. ట్రైనింగులో కొద్దిగా హిందీ నేర్చుకున్నాను. పర్సోం అంటే మొన్న అని నాకు తెలుసు. ఒకాయన "పర్సోం సే బంద్ హై" అంటే రెండు రోజులుగా పనిచెయ్యడం లేదని రిజిస్టరులో రాశాను. ఆయన రెండో వారం ఆఫీసుకొచ్చి గొడవ చేశాడు. లైను పోయి రెండు నెలలైందట. మా ఆఫీసరు నన్ను పిలిచి రిజిస్టరు చూపించాడు. నేను భాయ్ వైపు చూశాను.

"మా దగ్గర పర్సోం అంటే మొన్న గావచ్చు, పోయిన పండుగ గావచ్చు, నా పెండ్లి గూడ గావచ్చు," అన్నాడు భాయ్. "పర్సోం అంటే, ఏ పర్సోం అని అడగాలె."

ఈ సంగతి ఆపా చెవిన కూడా పడింది. తర్వాతసారి వెళ్ళినప్పుడు పరదా వెనక నుంచి, "మా లైన్ పర్సోం నుంచి సక్కగ లేదు. పర్సోం అంటే నిన్న పగటాల్ల. రాసుకో," అంది.

అన్నిటికన్నా ముఖ్యమైన పాఠం స్తంభం దగ్గర నేర్చుకున్నాను. పాతబస్తీ ఇళ్ళకి వీధి వైపు కిటికీలు తక్కువ. బతుకంతా లోపలి వాకిట్లో. దానికి పైకప్పు ఉండదు. టెలిఫోన్ స్తంభం ఎక్కితే నాలుగైదు ఇళ్ళ వాకిళ్ళు అరచేతిలో పెట్టినట్టు కనిపిస్తాయి. అందుకని భాయ్ నిచ్చెన వేసే ముందు నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని, "ఖంబా చఢ్‌రైఁ! పరదా కర్‌లేవ్!" అని, అంటే స్తంభం ఎక్కుతున్నాం, చాటుకి వెళ్ళండని, మూడుసార్లు కేకేసేవాడు. తర్వాత తీరిగ్గా ఒక బీడీ కాల్చేవాడు. లోపల పీటలు జరిగేవి, తలుపులు మూసుకునేవి. ఏదో ఇంట్లోంచి "హౌ" అని, సరేనన్నట్టు, వినపడ్డాక బీడీ ఆర్పి, వీధి వైపు మొహం పెట్టి ఎక్కేవాడు. ఐదు నిమిషాల పనికి పావుగంట. రోజుకి పన్నెండు ఫిర్యాదులున్నవాడికి ఇదేం తద్దినం అనుకునేవాణ్ణి.

రెండో ఏడు వానాకాలంలో భాయ్‌కి జ్వరం వచ్చి సెలవు పెట్టాడు. రాత్రి కురిసిన వానకి ఆపా వాళ్ళ సందులో లైన్లన్నీ పోయాయి. ఒక్కణ్ణే వెళ్ళాను. నిచ్చెన వేశాను. కేకెయ్యాలి. చుట్టూ చూశాను. కిళ్ళీకొట్టు దగ్గర నలుగురు నిలబడి ఉన్నారు. వాళ్ళ ముందు నా గోదావరి గొంతుతో ఉర్దూలో అరవాలంటే నోరు పెగల్లేదు. రెండు నిమిషాల పనేగా అనుకుని చప్పుడు చెయ్యకుండా ఎక్కేశాను.

పైన తీగలు కలిపే పెట్టెలోకి నీళ్ళు దిగాయి. గుడ్డతో తుడిచి, స్క్రూడ్రైవరు కోసం భుజాన ఉన్న సంచీ వైపు తిరిగాను. కింద వాకిట్లో ఒకావిడ పీట మీద కూర్చుని ఉంది. యాభై దాటి ఉంటుంది. చీర మీద మగవాళ్ళ పాత చొక్కా తొడుక్కుంది. తలనిండా, చెవుల మీదికి కారేలా, గోరింటాకు ముద్ద. ఎడమచేతిలో అద్దం. ఆ అద్దంలో నేను కనిపించి ఉంటాను, చివాలున తలెత్తింది. ఒక్క రెప్పపాటు ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. నేను తల తిప్పేసుకున్నాను.

ఆమె కిక్కురుమనలేదు. అరిచింది పక్క మేడ మీద బట్టలు ఆరేస్తున్న ఇంకొకావిడ. క్షణాల్లో కిళ్ళీకొట్టు దగ్గరి నలుగురూ స్తంభం కిందికి వచ్చారు. ఇంకో ఆరుగురు తోడయ్యారు. ఎవరో నిచ్చెన లాగేశారు. "ఉతర్! నీచే ఉతర్!" అని అందరూ అరుస్తున్నారు. దిగమంటారు, నిచ్చెన ఇవ్వరు. స్తంభాన్ని కావలించుకుని వేలాడుతున్నాను. ఆ ఊళ్ళో నాకు భాయ్ తప్ప ఎవరూ లేరు, భాయ్ జ్వరంతో పడుకుని ఉన్నాడు.

అప్పుడు పచ్చ పరదా వెనక నుంచి గొంతు వినిపించింది. "ఏందా లొల్లి?"

ఆ గొంతు ఆపాది. ఆ పరదా వేలాడే గుమ్మం నేను చూసిన వాకిలికి ముందువైపుదే. అప్పుడుగానీ నాకు తెలీలేదు, ఆ వాకిలి ఆమెదేనని. అన్నాళ్ళూ ఆ ఇంటి ముందుగది తప్ప ఏదీ ఎరగను కదా.

ఒకతను ఉర్దూలో గబగబా చెప్పాడు. ఆమె విని, "నిచ్చెన పెట్టుండ్రి. దింపి నా గుమ్మం ముంగట నిలబెట్టుండ్రి," అంది. నన్ను దింపారు. గుమ్మానికి వీపు పెట్టి నిలబడ్డాను. సందంతా మా చుట్టూ.

"ఏం జూసినవు?" అంది ఆపా.

"తీగలు చూశానండి, ఆపాగారూ."

"ఇంకేం జూడలేదా?"

"లేదండి. పెట్టెలోకి నీళ్ళు దిగాయండి. అవే చూశాను."

లోపల కాసేపు మాట లేదు. తర్వాత గొంతు పెంచి, "సున్ లియే నా? తార్ దేఖా బోల్‌రా. బస్, జావ్ సబ్," అంది. తీగలు చూశానంటున్నాడు, విన్నారుగా, ఇక పొండని. ఒకరిద్దరు గొణిగారు గానీ, సందులో అందరి కబుర్లూ మోసే మనిషి మాట కాదనే ధైర్యం ఎవరికీ లేదు.

"ఇగ నువ్వు చెప్పు," అంది నాతో. "కేక ఎందుకెయ్యలే?"

"సిగ్గేసిందండి."

"ఏంది?"

"అంతమందిలో ఉర్దూలో అరవాలంటే సిగ్గేసిందండి."

"తెలుగుల అరువరాదు? మాకు తెల్వదా తెలుగు? ఇప్పుడు అరువు. మూడుపార్లు."

వెళ్ళిపోతున్న జనం ఆగిపోయారు. నాకు గత్యంతరం లేదు. "స్తంభం ఎక్కుతున్నానండోయ్! ఆడవాళ్ళందరూ లోపలికెళ్ళండోయ్!" అని మూడుసార్లు అరిచాను. సందు సందంతా విరగబడి నవ్వింది. నిచ్చెన లాగేసినవాడే వచ్చి దాన్ని పట్టుకున్నాడు. ఎక్కి పని పూర్తి చేసి వచ్చాను. ఆ రోజు నుంచి అక్కడ నా పేరు 'అండోయ్ సాబ్'. నేను ఆ కేకే వేస్తూ వచ్చాను, భాయ్ పక్కన ఉన్నా సరే.

సాయంత్రం బహదూర్‌పురా వెళ్ళి భాయ్‌కి జరిగిందంతా చెప్పాను. దుప్పటి కప్పుకుని విన్నాడు. "మరి నిజంగ ఏం జూసినవ్?" అని అడిగాడు.

"తీగలే భాయ్," అన్నాను. ఉత్త భాయ్ అనడం, చివర అండి లేకుండా, అదే మొదటిసారి.

ఆయన నా మొహంలోకి కాసేపు చూశాడు. "బువ్వ తిని పో," అన్నాడు. అంతకు ముందు రెండుసార్లు పిలిస్తే ఏదో వంక చెప్పి తప్పించుకున్నాను. మా ఇంట్లో పరాయి ఇళ్ళలో తినే అలవాటు లేదు, అందులో వాళ్ళింట్లో అంటే మా అమ్మ ఏమంటుందోనన్న భయం. ఆ సాయంత్రం తిన్నాను. పప్పూ అన్నమూ, మామిడికాయ తొక్కు. మా ఇంటి తిండికీ దానికీ పెద్ద తేడా లేదు.

ఆ ఏడు సెలవుకి ఊరెళ్ళినప్పుడు కేక సంగతి మా నాన్నకి చెప్పాను, అద్దం సంగతి మినహాయించి. అక్కడి పద్ధతులు ఎంత వేరో అని నా ఉద్దేశం. ఆయన ఆశ్చర్యపోలేదు. "మన కొబ్బరి దింపేవాడు చెట్టెక్కే ముందు కేకెయ్యడూ?" అన్నాడు.

"అది కాయలు నెత్తిన పడతాయని కదా?"

"కాయలకి కాదురా. చుట్టూ తడికెల దొడ్లు. ఆడవాళ్ళు నీళ్ళు పోసుకుంటుంటారు. కేకెయ్యకుండా ఎక్కినవాణ్ణి మళ్ళీ ఊళ్ళోకి రానిస్తారా?"

పాతికేళ్ళుగా ఆ కేక వింటున్నాను. ఏ రోజూ ఆలోచించలేదు.

ఇంకో నాలుగేళ్ళకి నాకు పెళ్ళయింది. మా ఆవిడది అమలాపురం పక్కన. ఉప్పుగూడ వచ్చిన కొత్తలో నా అవస్థే ఆమె కూడా పడింది. ఇంటి ఓనరమ్మ నువ్వు అందని ఒక పూట అన్నం మానేసింది. కూరల బండివాడు ఎల్లిగడ్డ అంటే ఏమిటో తెలియక వెల్లుల్లి లేకుండా వారం రోజులు చారు పెట్టింది. ఎవరితోనూ కలిసేది కాదు. భాయ్ చూసి, "ఆపా తానికి తోలుకపో," అన్నాడు. నేను ఊగిసలాడాను. చివరికి ఒక ఆదివారం తీసుకెళ్ళాను.

నేను ముందుగదిలో ఆపా భర్తతో కూర్చున్నాను. ఆయన మితభాషి. మా ఆవిడ మాత్రం రెండో పరదా ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆరేళ్ళుగా నేను చూడని ఇల్లు ఆమెకి ఒక్క నిమిషంలో తెరుచుకుంది. గంటన్నర బయటికి రాలేదు. లోపల నుంచి మాటలు, మధ్య మధ్య నవ్వులు. మా ఆవిడ అంత గట్టిగా నవ్వగా నేను వినడం అదే మొదలు.

తిరిగి వచ్చేటప్పుడు సైకిలు వెనక కూర్చుని ఇంకా నవ్వుతూనే ఉంది. ఏమిటని అడిగాను.

"మీరు ఆవిణ్ణి చూశారటగా?"

సైకిలు ఆపేశాను. వెనక ఆటోవాడు తిట్టుకుంటూ పక్కనుంచి పోయాడు.

"ఆవిడే చెప్పింది," అంది మా ఆవిడ. "'తలకి గోరింటాకు పెట్టుకొని, మా ఆయన అంగి తొడుక్కొని కూసున్న. అద్దంల జూస్తే మీ ఆయన తలకాయ! కిందికి దిగినంక అడిగితె తీగలు జూసిన అన్నడు. నాకు నవ్వాగలే. కొంగు నోట్లె కుక్కుకున్న' అంది."

నా చెవులు కాలిపోయాయి. "మరి తెలిసీ నన్నెందుకు అడిగింది?"

"తెలిసే అడిగిందట. చూశానని మీరంటే అక్కడ వాళ్ళు మిమ్మల్ని వదిలేవాళ్ళు కాదట. అందరిముందూ ఆవిడా తలెత్తుకోలేకపోయేదట. ఇంతకీ నాకు మీరెందుకు చెప్పలేదు?"

"ఎవరికీ చెప్పలేదు."

"ఆవిడా అదే అంది. 'ఇన్నేండ్లు జూసిన, మాట బయటికి రాలే. అందుకే నీకు చెప్తున్న' అని."

మిగతా దారంతా ఇద్దరం సైకిలు నడిపించుకుంటూ వెళ్ళాం.

ఆ తర్వాత మా ఆవిడ నా తోడు లేకుండానే అక్కడికి వెళ్ళేది. ఎల్లిగడ్డ, ఉల్లిగడ్డ, సల్ల, అన్నీ అక్కడే నేర్చుకుంది. మా అమ్మాయి పుట్టినప్పుడు మొదటి స్నానం చేయించడానికి మా అత్తగారు వచ్చేలోపు ఆపాయే బురఖా వేసుకుని, ఆటోలో ఉప్పుగూడ వచ్చింది. నేను బయట వీధిలో నిలబడ్డాను, నా ఇంటి గుమ్మానికే వీపు పెట్టి.

రెండు వేల సంవత్సరం దాటాక సెల్‌ఫోన్లు వచ్చాయి. ఆ సందులో ఫిర్యాదులు తగ్గాయి. కబురు కోసం ఆపా కిటికీ దగ్గరికి వచ్చేవాళ్ళూ తగ్గారు. ఆమె మాత్రం లైను తీయించలేదు. భాయ్ రిటైరయ్యాడు. ఆ తర్వాత రెండేళ్ళకి నాకు కాకినాడకి బదిలీ అయింది.

వెళ్ళే ముందు మమ్మల్ని భోజనానికి పిలిచారు. మగవాళ్ళం ముందుగదిలో, ఆడవాళ్ళు లోపల. తిన్నాక లేచి, "వెళ్ళొస్తామండి, ఆపా," అన్నాను.

"ఇప్పుడు సగం మంచిగ అన్నవు," అంది పరదా వెనక నుంచి. "పైలంగ పోండ్రి. పోయినంక ఫోన్ జెయ్యి."

కాకినాడ వచ్చాక మా ఆవిడ నెలకోసారి ఆ నంబరుకి చేసేది. ఫోన్ పట్టుకుంటే చాలు ఆమె మాట మారిపోయేది. "గట్లనా ఆపా? మరి నువ్వేమన్నవ్?" అనేది. మధ్యలో ఒక్కోసారి ఇటు తిరిగి నన్ను చూసి నవ్వేది. ఏమిటని నేను అడగలేదు. కాసేపటికి పేపరు తీసుకుని వరండాలోకి వెళ్ళిపోయేవాణ్ణి.